1967–72 షెవీ సీ10లో 5.3 ఇంజెక్షన్ ఇంజిన్ ఎక్కించడం ఎలా

అమెరికాలో పాత షెవీ పికప్ కొన్న మనవాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒకటే. “కార్బురేటర్‌తో పడలేకపోతున్నాం, చలికాలం పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోదు. కొత్త ఇంజెక్షన్ ఇంజిన్ వేసెయ్యొచ్చా?” వేసెయ్యొచ్చు. ఇంజిన్‌ని ఛాసిస్‌లో కూర్చోబెట్టడం రెండు వారాంతాల పని. దానికి పెట్రోలు, నీళ్ళు, కరెంటు సరిగ్గా అందేలా చేయడానికే నెలలు పడుతుంది. సగంలో ఆగిపోయి పట్టా కింద పడున్న బళ్ళు ఎక్కువగా ఆగింది ఈ మూడింటి దగ్గరే. అందుకే ఇక్కడ కూడా ఆ మూడింటికే ఎక్కువ చోటు ఇచ్చాం.

ఇది 1967 నుంచి 1972 వరకు వచ్చిన, వెనక చక్రాలతో నడిచే షెవీ (షెవ్రొలె) సీ10 పికప్ గురించి. అందులో వేసేది 1999–2007 మధ్య సిల్వరాడో, టాహో, సబర్బన్‌లలో వచ్చిన 5.3 లీటర్ల వీ8. 1973–87 బండికీ దాదాపు ఇదే పద్ధతి. పెట్రోలు ట్యాంకు సంగతి మాత్రం వేరు.

ముందు రెండు మాటలు. 1971కి ముందు సీ10లకు ముందు చక్రాలకు డ్రమ్ బ్రేకులే వచ్చేవి. దాదాపు 300 హార్స్‌పవర్ ఇంజిన్ వేసి డ్రమ్ములతో ఆపుతామంటే కుదరదు, ముందు డిస్కులు వేయించండి. రెండోది చట్టం. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ళకు రెండేళ్ళకోసారి చేయించే స్మాగ్ (పొగ) పరీక్ష లేదు. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నియమం చూసుకున్నాకే ఇంజిన్‌కి డబ్బు కట్టండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత జీపుకి ఇదే చేద్దామనుకునేవాళ్ళకు దారి వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. ముందు ఆర్టీఓ, తర్వాతే మెకానిక్.

ఏ ఇంజిన్ కొనాలి

మొదటిసారి చేసేవాళ్ళు మూడో తరం 5.3, అంటే ఎల్‌ఎం7 తీసుకోండి. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్లు. దాత బండి (ఇంజిన్ తీసిన బండి) విన్‌లో, అంటే బండి గుర్తింపు నంబరులో, 8వ అక్షరం “టీ” ఉంటే అదే. “వీ” ఉంటే 4.8 లీటర్లు, “యూ” ఉంటే 6.0 లీటర్ల ఎల్‌క్యూ4.

2007 తర్వాతి నాలుగో తరం 5.3లలో చాలావాటికి సగం సిలిండర్లను ఆపేసే ఏర్పాటు ఉంటుంది. ఆ లిఫ్టర్లు పాడవడం అందరికీ తెలిసిన రోగం. పైగా క్రాంకు చక్రానికి 24 పళ్ళ సంకేతం బదులు 58 పళ్ళది ఉంటుంది కాబట్టి కంప్యూటరూ మారాలి. విన్ లేకపోయినా గుర్తుపట్టొచ్చు. క్యామ్ సెన్సర్ ఇంజిన్ వెనక భాగంలో ఉండి, నాక్ సెన్సర్లు (ఇంజిన్ కొట్టుకోవడాన్ని పసిగట్టేవి) ఇన్‌టేక్ కింద, బ్లాకు మధ్య లోయలో ఉంటే మూడో తరం. క్యామ్ సెన్సర్ ముందు టైమింగ్ కవరు మీద ఉండి, నాక్ సెన్సర్లు బ్లాకు పక్కల ఉంటే నాలుగో తరం.

జంక్‌యార్డులో చూడాల్సినవి:

- ఆయిల్ మూత తీసి కింద చూడండి. పాలమీగడలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి.
- హెడ్డు మీద 706 అంకెతో పాటు కాస్టెక్ (పోత పోసిన కంపెనీ) గుర్తు ఉంటే జాగ్రత్త. ఈ హెడ్లలో కొన్ని లోపల పగిలి, బయటికి చుక్క లీకు కనిపించకుండానే కూలెంట్‌ని ఆయిల్లోకి వదులుతాయి. ధర తగ్గించి ఇస్తేనే తీసుకోండి, హెడ్లు మార్చే ఖర్చు లెక్కలో వేసుకోండి.
- కంప్రెషన్ చూడనిస్తే ఏ సిలిండరూ 100 పీఎస్ఐ కంటే తగ్గకూడదు, అతి తక్కువది అతి ఎక్కువదానిలో 70 శాతానికి తగ్గకూడదు.
- వైరింగ్ కోసేసి అమ్మే ఇంజిన్ చవగ్గా ఉంటుంది. వద్దు. వైరింగ్ జడ, కంప్యూటర్, గాలి కొలిచే మాఫ్ సెన్సర్, ఆల్టర్నేటర్, గేర్‌బాక్స్ అన్నీ ఒకే బండివి తీసుకోండి.
- ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (కేబుల్ లేకుండా కరెంటుతో తెరుచుకునేది) అయితే యాక్సిలరేటర్ పెడల్, దాని కంట్రోల్ మాడ్యూల్ కూడా అదే బండివి కావాలి. ఒక ఏడాది పెడల్, ఇంకో ఏడాది మాడ్యూల్ కలిపితే ఇంజిన్ ఐడిల్ దాటి లేవదు. 1999–2002 ఇంజిన్లలో ఎక్కువ కేబుల్ థ్రాటిల్‌వే. కొత్తవాళ్ళకు అవే సులువు.

ఇంకా కావాల్సినవి

ఇంజిన్ మౌంట్ అడాప్టర్ ప్లేట్లు, సీ10కి సరిపోయే ఆయిల్ చాంబర్, దాని పికప్ గొట్టం, డిప్‌స్టిక్, సీ10కి చేసిన మ్యానిఫోల్డులు లేదా హెడర్లు, ఇంజెక్షన్ పంపు ఉన్న ట్యాంకు, 58 పీఎస్ఐ రెగ్యులేటర్, అల్యూమినియం రేడియేటర్, ఫ్యాన్లు, రిలేలు, ఫ్యూజు పెట్టె, మల్టీమీటర్, పెట్రోలు ప్రెషర్ గేజి, ఇంజిన్ కంప్యూటర్ అంకెలను నడుస్తుండగానే చదివి చూపే ఓబీడీ2 స్కానర్. గేర్‌బాక్సుతో కలిపి ఇంజిన్ 300 కిలోలు దాటుతుంది. ఇంజిన్ క్రేన్ చెయ్యి బయటికి లాగే కొద్దీ మోసే బరువు తగ్గుతుంది. క్రేన్ మీద రాసిన పెద్ద అంకె కాదు, మీరు చెయ్యి లాగిన రంధ్రం దగ్గర రాసిన అంకె చూడండి.

దశలు

1. పాత ఇంజిన్ విప్పకముందే కొలవండి. క్రాంకు పుల్లీ మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తు, ఫైర్‌వాల్‌కి ఎంత దూరం, గేర్‌బాక్స్ వెనక కొస ఎక్కడుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎంత పొడవు: ఇవన్నీ టేపుతో కొలిచి, కాగితం మీద రాసి ఫెండర్ మీద అంటించుకోండి. పాత వైర్లకు చీటీలు కట్టండి. ఇవేమీ లేకుండా పాత ఇంజిన్ తీసేసి తర్వాత తల పట్టుకునేవాళ్ళే ఎక్కువ.

2. కొత్త ఇంజిన్ స్టాండు మీద ఉండగానే చేతికి అందనివన్నీ మార్చేయండి. వెనక మెయిన్ సీలు, వాటర్ పంపు గాస్కెట్లు, ఇన్‌టేక్ తీస్తే కనిపించే రెండు నాక్ సెన్సర్లు. వెనక నాక్ సెన్సర్ గుంటలో నీళ్ళు నిలిచి తుప్పు పడుతుంది. ఇప్పుడు మార్చకపోతే పీ0332 కోడ్ వచ్చినప్పుడు మళ్ళీ ఇన్‌టేక్ విప్పాలి.

తర్వాత ఆయిల్ చాంబర్. ట్రక్కు చాంబర్ లోతుగా ఉండి కిందికి వేలాడుతుంది. బండిని కిందికి దించుకున్నవాళ్ళకు అది రోడ్డుకి తగులుతుంది. పొట్టి చాంబర్ వేస్తే పికప్ గొట్టం, విండేజ్ ట్రే (క్రాంకుకీ ఆయిల్‌కీ మధ్య ఉండే రేకు) దానికి జతవే వేయాలి. పికప్ గొట్టం చివర ఉండే ఓరింగ్ అసలు ప్రమాదం. పాతదే వేసినా, తప్పు సైజుది వేసినా, ఎక్కించేటప్పుడు చిట్లినా పంపు గాలి పీలుస్తుంది, ఆయిల్ ప్రెషర్ రాదు. కొత్త ఓరింగ్‌కి ఆయిల్ రాసి చేత్తో తిన్నగా నెట్టండి. బోల్టు బిగించి లోపలికి లాగొద్దు. చాంబర్ వెనక అంచు బ్లాకు వెనక ముఖంతో సమంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూడండి. తేడా ఉంటే గేర్‌బాక్స్ కలిసే చోట చాంబర్ చిట్లుతుంది.

3. గేర్‌బాక్స్ కలపండి. దాత బండి 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సే వాడితే తలనొప్పి తక్కువ, కంప్యూటరే దాన్ని నడుపుతుంది. ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంకు చివర ఉండే పల్చని చక్రం) బోల్టులు మూడు దఫాలుగా బిగించాలి: 15, 37, 74 అడుగు-పౌండ్లు.

టార్క్ కన్వర్టర్‌ని (ఇంజిన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే డబ్బా) తిప్పుతూ లోపలికి నెట్టండి. అది ఒక్కో మెట్టు దిగుతూ లోపలికి కూర్చుంటుంది. గేర్‌బాక్స్ ముఖం ఇంజిన్‌కి పూర్తిగా ఆనాక, కన్వర్టర్‌కీ ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య 1/8 నుంచి 3/16 అంగుళం ఖాళీ ఉండాలి, కన్వర్టర్ చేత్తో తిరగాలి. ఆ ఖాళీ లేకుండా బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు భాగం) బోల్టులతో లాగి మూస్తే కన్వర్టర్ గేర్‌బాక్స్ పంపుని పగలగొడుతుంది. సెల్ఫ్ కొట్టకముందే గేర్‌బాక్స్ పోయినట్టే. ఖాళీ సరిగ్గా ఉంటేనే బెల్‌హౌసింగ్ బోల్టులు 37 అడుగు-పౌండ్లకు బిగించండి.

పాత టీహెచ్350 ఆటోమేటిక్ గేర్‌బాక్సే ఉంచుకుంటామంటే వీలవుతుంది. పాత షెవీ వీ8 (స్మాల్ బ్లాక్)తో పోలిస్తే ఈ క్రాంకు చివర 0.4 అంగుళం లోపలికి ఉంటుంది కాబట్టి దానికి తగిన స్పేసర్, ఫ్లెక్స్‌ప్లేట్ వేయాలి. స్పేసర్ లేకుండా వేస్తే కన్వర్టర్ ముక్కు క్రాంకులో ఆనదు, కొన్నాళ్ళకు పంపు బుష్ అరిగిపోతుంది.

4. కొత్త ఇంజిన్‌ని ఛాసిస్‌లోకి దించి, బోల్టులు వదులుగా పెట్టి చూడండి. స్టీరింగ్ షాఫ్ట్‌కీ మ్యానిఫోల్డ్‌కీ, గేర్‌బాక్స్‌కీ ఫ్లోర్‌కీ, చాంబర్‌కీ క్రాస్‌మెంబర్‌కీ మధ్య కనీసం వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కదులుతుందని మర్చిపోకండి. ట్రక్కు ఏసీ కంప్రెసర్ కుడివైపు కిందుగా ఉండి ఛాసిస్‌కి తగులుతుంది. ఛాసిస్ కోసే బదులు కంప్రెసర్‌ని పైకి ఎత్తే బ్రాకెట్ కొనడం మేలు.

ఇంజిన్, గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంటే వెనక యాక్సిల్ ముక్కు అంతే పైకి ఉండాలి, రెండూ సమాంతరం కావాలి. జాయింట్ల దగ్గర కోణం 1 నుంచి 3 డిగ్రీలు. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే కొలవాలి. జాకీ స్టాండ్ల మీద కొలిచినది లెక్కకు రాదు. షాఫ్ట్ పొడవు కూడా చివరికి ఇలాగే కొలిచి కోయించండి.

5. పెట్రోలు. ఈ బళ్ళలో ట్యాంకు సీటు వెనక, క్యాబిన్‌లోనే ఉంటుంది. దానికే బయట పంపు తగిలించి నడిపేవాళ్ళు ఉన్నారు. పంపు గోలా, పెట్రోలు వాసనా మీతోనే ప్రయాణిస్తాయి. లోపల పంపు ఉన్న ట్యాంకుని వెనక తొట్టి కింద పెట్టించడమే సరైన పని.

ఈ ఇంజిన్‌కి 58 పీఎస్ఐ కావాలి. పాత కార్బురేటర్ పంపు ఇచ్చేది దీంట్లో సుమారు పదో వంతే. 2004 నుంచి వచ్చిన ఫ్యూయల్ రైలుకి (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే కడ్డీకి) ఒకటే గొట్టం ఉంటుంది. దానికి కార్వెట్‌లో వచ్చే, ఫిల్టరు రెగ్యులేటరు కలిసిన డబ్బా వాడండి. ట్యాంకు దగ్గరే పెట్టి, మిగిలిన పెట్రోలు అక్కడి నుంచే ట్యాంకులోకి వెనక్కి పంపండి. 1999–2003 రైలు మీదే రెగ్యులేటర్ ఉంటే రిటర్న్ గొట్టాన్ని రైలు నుంచి ట్యాంకు దాకా తేవాలి. అప్పుడు ఆ కార్వెట్ డబ్బా వద్దు. రెండు రెగ్యులేటర్లు ఒకే లైన్లో ఉంటే ప్రెషర్ ఎటూ తేలదు.

రబ్బరు గొట్టం మీద 30ఆర్9 అని అచ్చు ఉండాలి. కార్బురేటర్ గొట్టం చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ ఈ ప్రెషర్‌కి పగిలి వేడి మ్యానిఫోల్డ్ మీద పెట్రోలు చిమ్ముతుంది. ఈ పనిలో బండి తగలబడే దారి ఇదే. గొట్టాన్ని సైలెన్సర్ పైపుకి దూరంగా తీసుకెళ్ళండి, ప్రతి రెండడుగులకూ క్లిప్పు వేయండి.

6. నీళ్ళు. ఈ హెడ్ల పైభాగంలో ఆవిరి పోయే చిన్న దారులు ఉంటాయి. ముందువైపు రెంటినీ కలిపి సన్నని గొట్టంతో రేడియేటర్ పైభాగానికి గానీ ఎత్తులో ఉన్న ట్యాంకుకి గానీ కలపాలి. పాత రేడియేటర్‌కి ఆ చోటు లేదని బిరడా కొట్టేస్తే హెడ్లో గాలి చిక్కుకుంటుంది. గేజి మామూలుగానే చూపిస్తూ ఉంటుంది, వెనక సిలిండర్లు కాలిపోతుంటాయి. హీటర్ లేకపోతే పంపు మీది రెండు హీటర్ దారులను మూసేయకుండా ఒకే గొట్టంతో కలపండి.

ఫ్యాన్లను కంప్యూటర్‌తోనే నడిపించండి. 195 డిగ్రీల ఫారెన్‌హీట్ థర్మోస్టాట్ పెట్టి ఫ్యాన్‌ని 180కే మొదలయ్యేలా పెడితే అది ఎప్పటికీ ఆగదు. థర్మోస్టాట్ తెరిచే అంకెకి 10 డిగ్రీలైనా పైన పెట్టండి.

7. కరెంటు. తొందరపడకండి, ఒక రోజు మొత్తం దీనికే పెట్టుకోండి.

ఎర్త్ ముందు. బ్యాటరీ నుంచి ఇంజిన్ బ్లాకుకి లావు కేబుల్, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి ఒకటి, ఇంజిన్ నుంచి క్యాబిన్‌కి ఒకటి. కంప్యూటర్ ఎర్త్ వైర్లు హెడ్ల వెనక బోల్టుకే పోవాలి. పెయింటు గీకి మెరిసే లోహానికి బిగించండి. ఈ బళ్ళలో వచ్చే వింత జబ్బుల్లో సగం ఎర్త్ జబ్బులే.

కంప్యూటర్‌కి ఒక వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే 12 వోల్టులు. గులాబీ రంగు వైర్లకు కీ ఆన్‌లోనూ, సెల్ఫ్ కొట్టేటప్పుడూ రెండుసార్లూ 12 వోల్టులు ఉండాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. పాత కాయిల్‌కి వెళ్ళే వైరు రెసిస్టెన్స్ వైరు, అది 12 వోల్టులు ఇవ్వదు, దాన్ని వాడకండి. యాక్సెసరీ వైరు సెల్ఫ్ కొట్టగానే చచ్చిపోతుంది. దానికి కలిపితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. మల్టీమీటర్ పెట్టి, పక్కన ఒకరితో సెల్ఫ్ కొట్టించి చూసి ఎంచుకోండి. ఆ వైరుతో ఒక రిలే నడిపి, బరువంతా రిలే మీద వేయండి.

పెట్రోలు పంపు రిలేకి కంప్యూటర్ ఇచ్చేది 12 వోల్టులు. ముదురాకుపచ్చ, తెలుపు చారల వైరు. ఫ్యాన్ రిలేలకు మాత్రం కంప్యూటర్ ఎర్త్ ఇస్తుంది. రెండూ ఒకేలా కలిపితే ఏదో ఒకటి పనిచేయదు.

1972 వరకు బయట ఉన్న వోల్టేజ్ రెగ్యులేటర్‌ని తీసేయాలి. కొత్త ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి 4 గేజి వైరు, ఫ్యూజుతో వేయండి. పాత సన్న వైరు ఇంత కరెంటుకి కాలుతుంది. ఆల్టర్నేటర్ ఎల్ పిన్ను కంప్యూటర్ నుంచి రావాలి. అది లేకపోతే ఛార్జింగ్ బల్బు ద్వారానో రెసిస్టర్ ద్వారానో ఇవ్వండి. నేరుగా 12 వోల్టులు ఇస్తే రెగ్యులేటర్ పోయే ప్రమాదం ఉంది.

పాత మీటర్లు ఉంచుకోవాలంటే ఆయిల్, ఉష్ణోగ్రత సెండర్లు పాతవే కావాలి. ఈ ఇంజిన్ మరలు మెట్రిక్ కాబట్టి మధ్యలో అడాప్టర్లు పడతాయి. 4ఎల్60ఈకి స్పీడోమీటర్ కేబుల్ ఉండదు. జీపీఎస్ మీటరు గానీ, సంకేతాన్ని కేబుల్ తిప్పుడుగా మార్చే పెట్టె గానీ కొనాలి.

8. గాలి, పొగ. మాఫ్ సెన్సర్ బాణం ఇంజిన్ వైపు ఉండాలి. థ్రాటిల్‌కి 10 అంగుళాల ఎడంగా, తిన్నని గొట్టంలో పెట్టండి. ఆక్సిజన్ సెన్సర్లు రెండు వైపులా కావాలి. పైపుకి అడుగున కాకుండా గడియారంలో 10 నుంచి 2 మధ్య ఉండేలా వెల్డింగ్ చేయించండి, అడుగున ఉంటే తేమ చేరి పోతాయి. సెన్సర్‌కి ముందు పైపులో లీకు ఉంటే గాలి ఎక్కువైందనుకుని కంప్యూటర్ అనవసరంగా పెట్రోలు పోస్తుంది.

9. కంప్యూటర్ ప్రోగ్రామ్. దాత బండిలో దొంగతనాన్ని అడ్డుకునే తాళం వ్యవస్థను తీసేయించకపోతే ఇంజిన్ ఒక్క క్షణం అందుకుని ఆగిపోతుంది. టైరు సైజు, యాక్సిల్ నిష్పత్తి, ఫ్యాన్ ఉష్ణోగ్రతలు అప్పుడే పెట్టించండి. టీహెచ్350 వేసినవాళ్ళు ఆ సంగతి ట్యూనర్‌కి (కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చే అతనికి) చెప్పాలి.

మొదటిసారి సెల్ఫ్

పాత స్మాల్ బ్లాక్‌లా డిస్ట్రిబ్యూటర్ రంధ్రంలో డ్రిల్లు పెట్టి ఆయిల్ ఎక్కించడం ఇక్కడ కుదరదు, పంపు క్రాంకు ముక్కు మీద ఉంటుంది. ట్రక్కు చాంబర్‌కి ఫిల్టరుతో కలిపి 6 క్వార్టులు 5డబ్ల్యూ-30 పోయండి. పెట్రోలు పంపు రిలే పీకేయండి, కాయిల్ వైర్లు ఊడదీయండి. 10 సెకన్లు సెల్ఫ్, అర నిమిషం విరామం. గేజిలో ఆయిల్ ప్రెషర్ లేచే దాకా ఇలాగే. నాలుగైదు దఫాల్లో లేవకపోతే ఆపేయండి. “స్టార్టయితే వచ్చేస్తుందిలే” అనుకోకండి, ఆ ఓరింగ్‌ని గుర్తు చేసుకోండి.

తర్వాత రిలే పెట్టి కీ ఆన్ చేయండి. పంపు 2 సెకన్లు మోగి ఆగాలి. గేజి 55 నుంచి 62 పీఎస్ఐ మధ్య ఉండాలి. అప్పుడు ప్రతి జాయింటూ టార్చి వేసి, పొడి గుడ్డతో తుడిచి చూడండి. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచుకుని స్టార్ట్ చేయండి.

సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది

వేడెక్కాక కూలెంట్ 190–210 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. ఛార్జింగ్ 13.8–14.5 వోల్టులు. వేడి ఇంజిన్‌కి కంపెనీ చెప్పే కనీస ఆయిల్ ప్రెషర్ 1000 ఆర్‌పీఎం దగ్గర 6, 2000 దగ్గర 18, 4000 దగ్గర 24 పీఎస్ఐ. అది కనీసం మాత్రమే. ఆరోగ్యంగా ఉన్నది దీనికి బాగా పైనే చూపిస్తుంది.

స్కానర్‌లో ముందు ఆక్సిజన్ సెన్సర్లు 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతుండాలి. ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు మోతాదులో కంప్యూటర్ చేసుకునే సవరణ) 5 శాతం అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు. 10 దాటి పైకి పోతే గాలి లీకో, ప్రెషర్ తక్కువో. ఇంజిన్ రెండు వైపుల (బ్యాంకుల) అంకెల్లో ఒకటే తేడాగా ఉంటే ఆ వైపు పొగ పైపు చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్‌కీ బ్లాకుకీ మధ్య మల్టీమీటర్ 0.2 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ మళ్ళీ గీకండి. పీ1336 కోడ్ వస్తే భయపడకండి. క్రాంకు సంకేతాన్ని కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించాలని దాని అర్థం, ఆ సౌకర్యం ఉన్న స్కానర్‌తో అయిదు నిమిషాల పని.

తిరుగుతుంది గానీ అందుకోదా? పంపు మోగుతోందా, ప్రెషర్ ఉందా, సెల్ఫ్ కొట్టేటప్పుడు గులాబీ వైరులో 12 వోల్టులు ఉన్నాయా: ఈ వరుసలోనే చూడండి. సెన్సర్లు కొనడం మొదలుపెట్టకండి. వేగం పెరిగితే బండి కింద వణుకు వస్తే షాఫ్ట్ కోణాలు మళ్ళీ కొలవండి. సిటీలో బాగానే ఉండి హైవే మీద వేడెక్కితే రేడియేటర్‌కీ దాని చట్రానికీ మధ్య ఖాళీలు మూయండి. సిటీలోనే వేడెక్కితే ఫ్యాన్ గాలి ఏ వైపు తోస్తోందో ఒక కాగితం పెట్టి చూడండి. ఫ్యాన్ వైర్లు తిరగేసి కలపడం అనుకున్నంత అరుదు కాదు.

మొదటి 100 మైళ్ళు ఇంటి చుట్టుపక్కలే తిప్పండి. తర్వాత మౌంట్లు, బెల్‌హౌసింగ్, షాఫ్ట్, మ్యానిఫోల్డ్ బోల్టులన్నీ మళ్ళీ పానాతో చూడండి. ఇంజిన్ చల్లారాక కూలెంట్ మట్టం చూసి తగ్గినంత పోయండి. ఆయిల్ మార్చి, పాత ఫిల్టర్ కోసి మడతల్లో ఇత్తడి రంగు మెరుపులు ఉన్నాయేమో వెలుతురులో చూడండి.